నాయిన చేసిన రీలు పిస్తోలు

వారం దాటినా నా వేళ్లకు కిరోసిన్ వాసన పోలేదు. జగిత్యాలలో నేను నడిపే మోటార్ల రిపేరు దుకాణంలో, రేకు డబ్బాలో కిరోసిన్ పోసి, మా నాయిన చేసిన రీలు పిస్తోలును రెండు రోజులు నానబెట్టాను. పండుగకు పిల్లలు పేల్చే బొమ్మ తుపాకీ లాంటిదే, కాకపోతే అంగడిలో దొరికే రేకుది కాదు. అచ్చమైన ఇనుముది, చిన్నపిల్ల ఎత్తితే మణికట్టు వంగిపోయేంత బరువు. నాయిన నిరుడు పోయాడు. ఆయన ట్రంకుపెట్టెలోంచి నేను అడిగి తెచ్చుకున్నది ఇదొక్కటే.

నాయిన సిరిసిల్లలో మరమగ్గాల ఫిట్టరు. షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డ ఏడు, ఆయన కొడిమ్యాల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చి గుట్ట కింది అరెకరంలో మక్కజొన్న వేశాడు. గట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూసి బతుకమ్మ రోజులు దగ్గరపడేసరికి, ఇంట్లో పొద్దున ఉడికించిన గింజల గుడాలు, సాయంత్రం నిప్పుల మీద చిటపటలాడే కంకులు, మధ్యలో అవ్వ కొంగున కట్టి తెచ్చే సత్తుపిండి. గుట్ట మీది కోతులకూ అదే పండుగ. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మంచె మీద కూర్చుని, చేతులు ఆపకుండానే అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. అది చూడలేక నాయిన, పాడైన మగ్గం ఇనుమును కొలిమిలో కాల్చి సాగగొట్టి ఈ పిస్తోలు చేశాడు. అందులో పేల్చే మందు రీళ్లు కోరుట్ల అంగడి నుంచి తెచ్చేవాడు. ఒక్క చప్పుడుకు కోతుల గుంపంతా గుట్టెక్కేది. గాలిలో మందు వాసన తేలుతుండగానే మేం మళ్లీ కంకులు ఒలుచుకునేవాళ్లం.

మరుసటి ఏడు వానలు పడలేదు. నాయిన దుబాయి వెళ్లాడు. పోయేముందు పిస్తోలు అవ్వ చేతికిచ్చి, "వారానికోపారి నూనె వెట్టి తుడువు. తుప్పు వట్టనీయకు," అన్నాడు. అవ్వ తుడిచేది. ఉత్తరం రాని వారాల్లో రెండుసార్లు తుడిచేది.

మూడేళ్లకు తిరిగొచ్చాడు. కట్టడం పనిలో ఇనుప దూలం పడి కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయాయని ఏ ఉత్తరంలోనూ చెప్పలేదు. నాకప్పుడు పదేళ్లు. ఆయన సంచి దించీదించకముందే పిస్తోలు తెచ్చి చేతిలో పెట్టాను.

"నాయినా, కాల్చు!"

ఆయన చూపుడువేలును ఎడమచేత్తో వంచి ట్రిగ్గరు మీద పెట్టుకున్నాడు. నొక్కలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. పై పెదవి మీద చెమట పట్టింది. అవ్వ తల తిప్పుకుంది.

"తుప్పు వట్టింది బిడ్డా. తర్వాత సూద్దాం," అన్నాడు.

పిస్తోలు తళతళలాడుతోంది. తుప్పు ఎక్కడుందని అడగబోయి, అవ్వను చూసి ఊరుకున్నాను. నాయిన దాన్ని పాత లుంగీ ముక్కలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాడు. బతికినన్నాళ్లూ మళ్లీ తీయలేదు. అది నిజంగా తుప్పు పట్టింది ఆ పెట్టెలోనే. పెద్దయ్యాక ఫిట్టరు పని నేర్చుకుంటానంటే, ఆడపిల్లకు అదేం పనని ఊళ్లో నవ్వారు. నాయిన మాత్రం తన సుత్తె నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఆ తుప్పంతా గీకి, కొత్త స్ప్రింగు వేసి, పిడికి తుమ్మచెక్క తొడిగాను. పాత ట్రిగ్గరు కోసేసి, నాలుగు వేళ్లూ పట్టేంత వెడల్పు కడ్డీ అతికించాను. బీడీలు చుట్టి చుట్టి అవ్వ వేళ్లు వంకర్లు పోయాయి. ఒక్కసారైనా ఆమె దీన్ని కాల్చాలని నా కోరిక.

ఆదివారం ఊరికి తీసుకెళ్లాను. ఇప్పుడక్కడ మక్క చేను లేదు, మంచె లేదు. కంకర కోసం గుట్టనే సగం తవ్వేశారు, కోతులు ఇళ్ల మీదికొచ్చేశాయి. అవ్వ పిడికిలంతా బిగించి నొక్కింది. ఠప్పున పేలింది. ప్రహరీ మీది కోతులు ఒకసారి ఇటు చూసి మళ్లీ తమ పనిలో పడ్డాయి.

అవ్వ వాటిని పట్టించుకోలేదు. ఆ కడ్డీని ఈ చివరి నుంచి ఆ చివరికి వేళ్లతో తడిమింది.

"గిట్ల జేసిస్తే మీ నాయిన గూడ కాల్చెటోడు గదనే," అంది.

నేను ఫిట్టరు పని నేర్చుకుని పద్దెనిమిదేళ్లయింది. ఆ పెట్టె తెరవమని నాయినను ఒక్కసారి కూడా అడగలేదు.