మంగళవారం, శుక్రవారం కడుపునొప్పి

మలాంగ్ పట్నంలో మా ఇంటి మేడ మీద ఆరు గదులున్నాయి. యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలకు అద్దెకిస్తాను. పొద్దున, సాయంత్రం వంట కూడా నాదే. మా ఆయన చనిపోయాక మొదలుపెట్టాను, ఇప్పటికి ఇరవై రెండేళ్లు. పిల్లలు ఎదురుగా నన్ను అమ్మను పిలిచినట్టు "ఇబు" అంటారు. వెనకాల "సీసీ కెమెరా" అంటారు. గేటు చప్పుడైతే కిటికీ దగ్గరికి వెళ్లే అలవాటు నాకుంది, కాదనను. నమ్మి పంపిన తల్లులకు జవాబు చెప్పుకోవలసింది నేనే కదా.

పాలుపి మా ఇంటికి వచ్చేటప్పటికి రెండో సంవత్సరంలో ఉంది. త్రెంగ్గాలెక్ ఊరి పిల్ల, చదువు ఫుడ్ టెక్నాలజీ. సన్నగా, పొడుగ్గా ఉండేది. మెట్లు దిగుతున్నప్పుడు కూడా పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకునేది. మొదటి నెల బాగానే తింది. రెండో నెల నుంచి పళ్లెంలో అన్నం మిగలడం మొదలైంది.

తరవాత స్నానాలగది. తెల్లవారగానే వెళ్లేది, వచ్చేది, మళ్లీ పరిగెత్తేది. తూము దగ్గర గుప్పెడు జుట్టు కనిపించేది. ఒకరోజు వాంతి చేసుకుంటున్న చప్పుడు కూడా విన్నాను. నీళ్లు గట్టిగా వదిలిపెట్టింది, ఎవరికీ వినబడకూడదని. అదే నాకు నచ్చలేదు. ఒంట్లో బాగోకపోతే చెప్పొచ్చు కదా, దాచడమెందుకు?

పక్కింటి జుమిరా, నేను మార్కెట్‌కి కలిసే వెళతాం. ఆవిడతో అన్నాను.

"ఎన్నో నెలట?" అంది జుమిరా, వంకాయలు ఏరుతూనే.

"ఛీ, నోరు కడుక్కో. ఆ పిల్ల అలాంటిది కాదు."

"రెండు నెలల్లో నీకంతా తెలిసిపోయిందా? మొహాన రాసుకు తిరుగుతారేమిటి ఎవరైనా?"

ఇంటికొచ్చి మేడ మీది చెత్తబుట్ట చూశాను. ఏం చూశానో చెప్పక్కర్లేదు. కడుపు కాదని మాత్రం తేలింది. అయితే ఇంకేమిటి? టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికేవి. అరచేతులు తడిగా ఉండేవి, పుస్తకం మీద వేళ్ల మరకలు పడేవి. మత్తుమందులేమోనని, గది ఊడ్చే వంకతో సొరుగు తీశాను. ఎసిడిటీ మాత్రలు, కాఫీ పొట్లాలు తప్ప ఏమీ లేవు. మనసు కుదుటపడలేదు. బాగా దాచిందేమో అనుకున్నాను.

ఆ వారమే పాలుపి మా నీళ్లు తాగడం మానేసింది. బయటినుంచి పెద్ద సీసా మోసుకొచ్చుకుంటోంది.

"ఏమ్మాయ్, మా నీళ్లు చేదెక్కాయా?"

"అయ్యో, అదేం లేదు ఇబు. కాలేజీ పక్కనే దొరుకుతున్నాయి కదా అని..."

ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు. పొయ్యి మీది గిన్నెలోకి చూసింది.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. అంతకుముందు వానాకాలంలో మా బావి పక్కనున్న మురుగు గొట్టం పగిలింది. నేనే సిమెంటు మెత్తి ఊరుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ పిల్ల నీళ్లసీసా చూసినప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమనేది. తెలిసిందా దీనికి? ఎవరు చెప్పారు?

శనివారం పొద్దున ఫ్రిజ్ కడుగుతున్నాను. వెనకాల, కొబ్బరిపాల డబ్బా చాటున, బొటనవేలంత గాజుసీసాలు నాలుగు కనిపించాయి. ఒక్కోదాని మీద కాగితం అంటించి ఉంది. "వార్సిని ఇల్లు, లోదే కూర." "వార్సిని ఇల్లు, సంబల్ పచ్చడి." "వార్సిని ఇల్లు, బావినీళ్లు." నాలుగోది "మరిగించిన నీళ్లు." కింద తారీఖులు. వార్సిని నా పేరే.

మార్కెట్‌కి పిలవడానికొచ్చిన జుమిరా చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ముట్టుకోకు! పేరు రాసి సీసాలో కడతారా ఎక్కడైనా? ఇది చేతబడి. నీకే పెట్టింది."

"చేతబడికి తారీఖెందుకే?"

"చదువుకున్న పిల్ల కదా, పద్ధతిగా చేస్తోంది."

నాకు చేతబడి మీద అంత నమ్మకం లేదు గానీ సీసాలు గుడ్డతో పట్టుకునే తీశాను. మిగతా పిల్లలంతా బయటికి వెళ్లారు. పాలుపిని కిందికి పిలిచి సీసాలు బల్ల మీద వరసగా పెట్టాను.

"ఇవేమిటి?"

పిల్ల మొహం పాలిపోయింది. ఒక సీసా మూత బిగిస్తూ అంది. "పరీక్షకండీ. మా ల్యాబులో."

"ఏం పరీక్ష?"

"మీ వంటలో... నీళ్లలో... సూక్ష్మజీవులున్నాయేమోనని. క్షమించండి ఇబు. నాకు నెల రోజులుగా కడుపు మెలిపెడుతోంది. ఎందుకో తెలియలేదు. తింటున్నది మీ వంటే కదా."

నిజం చెబుతున్నాను, చేతబడే నయమనిపించింది. ఇరవై రెండేళ్లలో నా వంట తిని ఒక్క పిల్ల మంచం పట్టలేదు.

"నన్ను అడగొచ్చు కదే!"

"అడిగితే నిజం చెబుతారా?"

బావి గొట్టం గుర్తొచ్చి, బావినీళ్ల సీసాని అటు తిప్పి పెట్టాను.

పాలుపి మెట్లెక్కి ఒక నోటుపుస్తకం తెచ్చింది. గళ్లు గీసి రాసుకుంది. ఏ రోజు ఏం తిన్నది, ఎక్కడ తిన్నది, నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎన్నిసార్లు వెళ్లింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, అన్నీ. కళ్లద్దాలు పెట్టుకుని నా మీద మోపిన నేరాలు చదివినట్టు చదివాను. తప్పు పట్టుకోవాలనే చదివాను.

"ఆదివారం మూడు పూటలూ నా దగ్గరే తిన్నావు. నొప్పి రాలేదు."

"రాలేదు."

"ఈ శుక్రవారం ఏమీ తినలేదని రాశావు. నొప్పి వచ్చింది. నేనేం చేశాను, గాలిలో కలిపానా?"

జుమిరా కిసుక్కున నవ్వింది. నేను కాగితాలు తిప్పుతూ పోయాను. మంగళవారం. శుక్రవారం. మళ్లీ మంగళవారం, మళ్లీ శుక్రవారం.

"నా గిన్నెకి వారాలు తెలుసా అమ్మాయ్? మంగళ, శుక్రవారాలు నీకేముంటుంది?"

పాలుపి పుస్తకం తన వైపు తిప్పుకుని వారాల మీద వేలు పెట్టి చూసింది. "ల్యాబు. గునాది సార్‌ది. పోయిన నెలే మొదలైంది. గుమ్మంలో ప్రశ్నలడిగాకే లోపలికి పంపుతారు."

ఆ మాట అంటూండగానే పాలుపి ఊపిరి వేగమైంది. "అంటే నేను నటిస్తున్నాననా? అబద్ధం చెబుతున్నాననా?" అంటూనే కుర్చీ అంచు పట్టుకుంది. పెదవులు తిమ్మిరెక్కుతున్నాయంది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, కోడి కాళ్ల లాగా. తెరవబోతే తెరుచుకోలేదు. అప్పటిదాకా నాకూ లోపల ఎక్కడో అనుమానం ఉండేది, చదువు ఎగ్గొట్టడానికి నాటకమేమోనని. ఆ వేళ్లు చూశాక పోయింది. అలా నటించడం ఎవరి తరమూ కాదు.

జుమిరా ఒంట్లో గాలి చొరబడిందంటూ, మా వైపు చేసే వైద్యమే, వీపుకి నూనె రాసి నాణెంతో గీకింది. ఎర్రటి చారలు తేలాయి. ఊపిరి కాస్త కుదురుకోగానే స్కూటర్ మీద ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను.

హెర్మీన్ డాక్టరమ్మ నాడి, పొట్ట చూసింది, రక్తం తీయించింది, నోటుపుస్తకం మొత్తం చదివింది. "ఇది రాసుకోవడం మంచిపనే చేశావు. రక్తపరీక్ష రానీ గానీ, పుండూ పురుగూ ఉంటే నొప్పి వారం చూసుకుని రాదు కదమ్మా. నొప్పి నిజమే. భయపడినప్పుడు ఒళ్లు పారిపోవడానికి తయారవుతుంది. గుండె, ఊపిరి, పేగులు అన్నీ పరుగందుకుంటాయి. నువ్వేమో కదలకుండా ల్యాబు గుమ్మంలో నిలబడతావు."

"నాకు భయం లేదండీ. చదువుకునే వెళతాను."

"చదువుకోలేదని నేననలేదే."

బయటికి రాగానే పాలుపి అంది. "రోగం దొరక్కపోతే అందరికీ ఇదే చెబుతారు ఇబు." నాకూ అలాగే అనిపించింది, కానీ పైకి అనలేదు. వారం తరవాత రక్తపరీక్షలో ఏమీ లేదని కాగితం వచ్చింది. దాని మీద పేరు తనదేనా, వేరేవాళ్లదా అని రెండుసార్లు చూసుకుంది.

ఆ వారంలోనే తన ల్యాబు పరీక్ష కూడా తేలింది. కూరలో, పచ్చడిలో ఏమీ లేదు. మరిగించిన నీళ్లలో లేదు. పచ్చి బావినీళ్లలో మాత్రం సూక్ష్మజీవులు ఉన్నాయి. నాకు చెప్పడానికి భయపడి కాగితం తలుపు కిందనుంచి తోసింది. మర్నాడే మనుషుల్ని పిలిపించి బావి తోడించాను, గొట్టం మార్పించాను. అప్పుడు గానీ గొట్టం పగిలిన సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.

"నాకు అనుమానం వచ్చింది లెండి, మీరు బావి వైపు చూసే చూపు చూసి," అంది.

నయమైపోయిందని అనలేను. డాక్టరమ్మ చెప్పినట్టు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీయబోతే భయం ఇంకా పెరుగుతోందంది. "అంకెలు మానేయ్. సోతో చారు మరీ వేడిగా ఉంటే ఎలా ఊదుతావు? మెల్లగా, చిందకుండా. అలా ఊదు," అన్నాను. అది పనికొచ్చింది. కాఫీ మానడానికి మాత్రం నెల పోట్లాడింది. మంగళ, శుక్రవారాల్లో పొద్దున గదిలో కూర్చోనివ్వకుండా మాతోపాటు మార్కెట్‌కి లాక్కెళ్లేవాళ్లం. జుమిరా సంచి మోయించేది. వచ్చాక గంజి తాగించి పంపేదాన్ని. కొన్ని రోజులు గంజి కడుపులో నిలిచేది, కొన్ని రోజులు నిలిచేది కాదు.

అసలు సంగతి మార్కెట్ దారిలోనే బయటపడింది. మొదటి సంవత్సరంలో గునాది సార్ ల్యాబు గుమ్మం దగ్గర ప్రశ్న అడిగి, జవాబు రాలేదని నలభైమంది ముందు వెనక్కి పంపాడట. అప్పటినుంచి తనమీద పగబట్టాడని ఈ పిల్ల నమ్మకం.

"వెళ్లి అడుగు," అంది జుమిరా.

"ఏమని? నా మీద పగా అనా?"

"కడుపునొప్పి అని చెప్పు. అదేమన్నా సిగ్గుపడే సంగతా?"

డాక్టరమ్మ చెప్పగా పాలుపి అప్పటికే యూనివర్సిటీలో విద్యార్థుల బాధలు వినే ఒక మేడమ్ దగ్గరికి వెళ్తోంది. ఆవిడే సార్ గదికి తీసుకెళ్లింది. సాయంత్రం పాలుపి వచ్చి వంటింటి గడప మీద కూలబడింది.

"ఏమన్నాడే?"

"ఆయనకి నా పేరే గుర్తులేదు ఇబు. 'నువ్వు ఏ బ్యాచ్?' అన్నాడు." నవ్వింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏడాదిగా ఆయన గురించే భయపడుతున్నాను. ఆయన ఒక్కసారి కూడా నా గురించి అనుకోలేదు."

ఇకనుంచి ప్రశ్నలు గుమ్మంలో కాకుండా లోపల, కూర్చోబెట్టి అడుగుతానన్నాడట. నాకు నమ్మకం కలగలేదు. కానీ మాట నిలబెట్టుకున్నాడు. ఆ టర్ములో ఇంకోసారి జవాబు రాక పాలుపిని వెనక్కి పంపాడు కూడా. ఆ రోజు ఇంటికొచ్చి, రెండు ముద్దలు ఎక్కువే తిని, పడుకుంది. నేను తలుపు సందులోంచి మూడుసార్లు చూశాను. ఊపిరి మామూలుగానే ఉంది.

ఆఖరి సంవత్సరం థీసిస్ వైవా నాడు పొద్దున వాంతి చేసుకుంది. ఈసారి నీళ్లు వదల్లేదు. నోరు కడుక్కుని, "రావలసింది వచ్చేసింది ఇబు, ఇక వెళ్తాను," అని చెప్పి మెట్లు దిగింది. కొన్ని దిద్దుబాట్లు చేయమని పాస్ చేశారు. మధ్యాహ్నం వచ్చి, జుట్టుకున్న పిన్నులు కూడా తీయకుండా, సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడేదాకా పడుకుంది.

ఇప్పుడు సురబాయాలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తోంది. మొన్న ఫోన్ చేసింది. తనిఖీ వాళ్లొచ్చే ముందురోజు ఇప్పటికీ కడుపు మెలిపెడుతుందట.

"ఏం చేశావు?"

"ఊదుతూ కూర్చున్నాను ఇబు. పక్కావిడ చూసి పన్ను నొప్పా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"భయం అని చెప్పాను. 'నాకూ అంతే' అంది."