పది మార్కుల ప్రశ్న

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ తీగల బాబాయ్ అంటారు. ఏ వార్డులో కంప్యూటరు మొరాయించినా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లేది ఆయనే. పంతొమ్మిదేళ్ల చాకిరీలో మోకాళ్లు అరిగాయి, నడుము పట్టేసింది, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు దాటలేదు. పర్మనెంటు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు తప్పాడు. వయసు లెక్కన ఇదే ఆఖరిసారి.

పని రాక తప్పాడా అంటే, రామరామ! చేతికొచ్చిన విద్య కాగితం మీదికి దిగదు, అదీ ఆయన ఖర్మ. ‘స్విచ్‌కీ రౌటర్‌కీ తేడాలు రాయుము’ అని పది మార్కుల ప్రశ్న ఏటా వస్తుంది. రెండుసార్లూ దాని ముందు నీళ్లు నమిలి లేచొచ్చాడు.

ఈసారి భార్య పట్టు పట్టింది. కుట్టుమిషన్ ముందు కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగేది.

“స్విచ్ ఏం చేస్తుందండీ?”

“ఇంట్లోవాళ్ల మాట ఇంట్లోవాళ్లకి అందిస్తుంది. ఎవరి మాట వాళ్లకే.”

“మరి రౌటరు?”

“అది వీధి గుమ్మం. ఇంటికీ బయటికీ మధ్య దారి చూపిస్తుంది.”

“మీ తలకాయ! ఇల్లు, గుమ్మం అని రాస్తే మార్కులెవడిస్తాడు? స్విచ్ రెండో పొరలో పనిచేస్తుంది, రౌటర్ మూడో పొరలో. స్విచ్ ఒకే నెట్‌వర్క్‌లోని యంత్రాలను కలుపుతుంది, రౌటర్ వేర్వేరు నెట్‌వర్క్‌లను కలుపుతుంది. ఇలా రాయాలి!”

జన్మలో ఆ డబ్బాలు ముట్టుకోని మనిషి గడగడా అప్పజెప్పేది. నాలుగు నెలలు నూరిపోసింది. పరీక్ష ముందురోజు ఆయన ఒక్క ముక్క తప్పకుండా చెబితే, “హమ్మయ్య” అని పుస్తకం మూసింది.

పరీక్ష ఓ కాలేజీ కంప్యూటర్ గదిలో. అన్ని విభాగాల కాంట్రాక్టు వాళ్లూ వచ్చారు, ఎవరి పేపరు వాళ్లది. పదింటికి మొదలు, లాగిన్ అయిన దగ్గర్నుంచి ఒక్కొక్కరికీ గంట టైము. ఆయన కంప్యూటరు ఠక్కున తెరుచుకుంది. చివర్లో ఆ పది మార్కుల ప్రశ్న కనబడగానే ప్రాణం లేచొచ్చింది. దాన్ని తీరిగ్గా రాద్దామని ముందు చిన్నవి మొదలుపెట్టాడు.

పక్క సీట్లోంచి వెక్కిళ్లు వినిపించాయి. మందుల స్టోర్లో పనిచేసే ఆవిడ. ఆమె తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గదిలో సగంమందిది అదే గతి.

“పదకొండులోపు లాగిన్ కాకపోతే ఆబ్సెంటే. నేను చేసేదేం లేదు,” అన్నాడు సూపర్‌వైజరు.

“నాకూ ఇదే ఆఖరిసారి అన్నయ్యా,” అందావిడ.

ఆయనకి సంగతి అర్థమైపోయింది. యంత్రాలకు నంబర్లు పంచే పని రౌటర్‌ది. ఒకే గదిలో రెండు రౌటర్లు పంచుతుంటే, ముందు ఎవరి మాట వినబడితే యంత్రం దాన్నే నమ్ముతుంది. తప్పు నంబరు తీసుకున్నవి ఇలా బిక్కమొహం వేస్తాయి.

“నేను బాగుచేస్తాను. నా టైము ఆపుతారా?”

“అది నా చేతుల్లో లేదండీ. నడుస్తూనే ఉంటుంది.”

తెర మీద గడియారం వైపు చూశాడు. పదీ పది. మనసులో తనను తాను నాలుగు తిట్టుకుని లేచాడు.

అరిగిన మోకాళ్ల మీద బల్లల కింద దూరి, తీగ పట్టుకుని పాక్కుంటూ పోతే చివరి వరుసలో దొరికింది. రెండు కొమ్ములతో తెల్లటి ఇంటి రౌటరు.

“కొత్త వరుసకి తీగలు గుచ్చే కన్నాలు చాలకపోతే మా ఇంట్లో పాతది తెచ్చిపెట్టా సార్,” అన్నాడు గది చూసుకునే అతను. “స్విచ్చూ ఇదీ, రెండూ ఒకటే కదా?”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది! ఈ ‘రెండూ ఒకటే కదా’ పంతొమ్మిదేళ్లుగా వింటున్నాడు. విడమరిచి చెప్పే ఓపిక లేదు. బీరువాలో దుమ్ముకొట్టుకున్న పాత స్విచ్ దొరికితే దాన్ని తగిలించి, రౌటరు పీకేశాడు. మొరాయించిన కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపి మళ్లీ వేయించాడు. మొత్తం ఇరవైఒకటి. స్టోరావిడ తెర తెరుచుకుంది. ఆమె రెండు చేతులూ జోడిస్తే, “ముందు రాసుకోమ్మా” అన్నాడు.

సీట్లో కూలబడేసరికి ఎనిమిది నిమిషాలున్నాయి. మిగిలిన చిన్న ప్రశ్నలు అయిందనిపించి చివరిదానికి వచ్చాడు. ‘స్విచ్ రెండో పొరలో’ అని కొట్టేసరికి తెర మూసుకుపోయింది.

ఇంటికెళ్లగానే భార్య ఎదురొచ్చింది. “అడిగారా అది?”

“అడిగారు.”

“రాశారా?”

జరిగింది చెప్పాడు. ఆవిడ భగ్గుమంది. “ఊళ్లోవాళ్ల బాధలన్నీ మీకే కావాలా? అంతమందిలో మీరొక్కరే దొరికారా?”

“ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నానే.”

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. ఆరు మార్కుల తేడాలో పోయింది. మందుల స్టోరావిడ పాసై ఫోన్ చేసింది. “సంతోషం తల్లీ,” అన్నాడు, నిజంగానే సంతోషపడి. ఫోన్ పెట్టేసి గోడకి చేరగిలబడ్డాడు. ఒళ్లంతా ఎవరో చితకబాదినట్టుంది.

కుట్టుమిషన్ ఆగింది. “స్విచ్ రెండో పొరలో పనిచేస్తుంది,” అంది భార్య, తల ఎత్తకుండా.

“రౌటర్ మూడో పొరలో,” అన్నాడాయన. “స్విచ్ ఒకే నెట్‌వర్క్‌లోని యంత్రాలను కలుపుతుంది, రౌటర్ వేర్వేరు నెట్‌వర్క్‌లను కలుపుతుంది.”

ఒక్క ముక్క తప్పలేదు. ఆవిడ కుడుతున్న గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది.