చీటీలో ఎక్కువైన సున్నా

సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో ఒక పొరపాటు మన చెయ్యి దాటిపోతే, దాని వెంటపడి వెనక్కి తెచ్చుకోవడానికి మనిషే పరిగెత్తాలి. తొంభైల్లో, వ్యవసాయాధికారిగా చేరిన కొత్తలో, నేనలాగే పరిగెత్తాను. విజయవాడలో గడియారాలు బాగుచేసే అబ్బాకి (మా ఇంట్లో నాన్నని అలాగే పిలుస్తాం) పుట్టి, వరిచేను బస్సు కిటికీలోంచి తప్ప ఎరగకుండా పెరిగి, పుస్తకాలు బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. కంకిపాడు దగ్గర ఒక పల్లెకి మొదటిసారి ఒక్కదాన్నే పొలం చూడ్డానికి వెళ్లాను.

ఆ రైతుని ఊరంతా రేడియో బాబాయి అనేవారు (చంకలో ట్రాన్సిస్టరు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరట). కౌలు చేను. నాటి నెల తిరక్కుండానే దుబ్బులు గిడసబారి, ఆకుల మీద తుప్పురంగు మచ్చలు లేచాయి. తెగులనుకుని రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు. "ఇదీ పోతే వచ్చే ఏడు నాకు చేను ఎవరిస్తారండీ?" అన్నారాయన. గట్టు మీద పదిమంది నా మొహమే చూస్తున్నారు. ఓ ఆకు తుంచి వంచాను. పెళుసుగా, చిన్న చప్పుడుతో విరిగింది. అచ్చం పుస్తకంలో చదివినట్టే! "ఇది తెగులు కాదండీ, జింకు లోపం" అని ప్రకటించి, జింకు సల్ఫేటు నీళ్లలో కలిపి ఐదేసి రోజుల తేడాతో మూడుసార్లు కొట్టమని చీటీ రాసిచ్చాను. "ఎండ తగ్గగానే మొదలెట్టేస్తానండీ మేడంగారూ" అన్నారు బాబాయి.

ఇంటికొచ్చి అన్నం తిని (గర్వంతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను) డైరీ తీశాను. 'లీటరు నీటికి రెండు గ్రాములు' అని రాయగానే చెయ్యి ఆగిపోయింది. పొద్దున పది లీటర్ల ట్యాంకుకి ఇరవై అని మనసులో లెక్క వేసుకుంటూ, చీటీలో 'లీటరుకి 20' అని రాసిచ్చాను. పదింతలు! ఆ ఘాటుకి ఆకు మాడిపోతుంది.

"అబ్బా, స్కూటరు తియ్యండి. కంకిపాడు పోవాలి!"

"ఎవరికైనా ఒంట్లో బాలేదా బేటీ?"

"వరికి!" అన్నాను.

అబ్బా జీవితంలో తొందరపడి ఎరగరు. బెంజ్ సర్కిల్ దాటేసరికే నాకు ఏడుపొచ్చింది. "అబ్బా, ఆ సైకిలు కూడా మనల్ని దాటిపోయింది."

"పోనీలే, పాపం ఏం పనుందో."

కంకిపాడు రోడ్డు మీద గడ్డిబండి ఒకటి అడ్డం. నా జన్మలో ఎండ తగ్గకూడదని కోరుకున్నది ఆ ఒక్కరోజే.

చేను చేరేసరికి బాబాయి వీపున స్ప్రేయరుతో కనిపించారు. "బాబాయిగారూ, ఆపండీ!" అని అరుస్తూ గట్టు మీద పరుగు అందుకున్నాను. రేడియో మోతలో ఏం వినిపించిందో, ఆయన నవ్వి చెయ్యూపి మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. చెప్పు బురదలో ఇరుక్కుంది. రెండోది నేనే వదిలేశాను. ఆయన దగ్గరకి చేరేలోగా కాలు జారి చేలో బోర్లా పడ్డాను. ఆ చప్పుడుకి ఆగారు.

"ఒక సున్నా ఎక్కువ రాశానండీ. తప్పు నాదే."

ఆయన రేడియో ఆపేశారు. "మందుకొట్లో అతను ఇంత ఘాటెందుకండీ అన్నాడమ్మా. మేడంగారు చదువుకున్నారు, నీకేం తెలుసులే అని వచ్చేశాను" అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది.

అదృష్టం, అది మొదటి ట్యాంకే, ఓ మూల మాత్రమే తడిసింది. మిగిలిన మందు దూరంగా గట్టున పారబోసి, మంచినీళ్లు నింపి ఆ మూలంతా కడిగాం. అబ్బా పైజమా మోకాళ్ల దాకా మడిచి, కాలవ నుంచి బిందెలతో నీళ్లు మోస్తూ నిజంగానే పరిగెత్తారు.

ఆ తర్వాత రోజూ ఆ చేను చుట్టూ తిరిగాను. మూలన కొన్ని ఆకుల కొసలు మాడాయి. మిగతా చేనుకి సరైన మోతాదు పడింది. రెండోసారి కొట్టిన నాలుగు రోజులకి పచ్చటి కొత్తాకు కనబడితే గట్టు మీదే కూలబడి ఏడ్చాను. బాబాయి రేడియో సౌండు కాస్త పెంచారు.

అయితే ఊళ్లో ఊరుకుంటారా? జింకు కోసం గట్టు మీద పరిగెత్తినందుకు నన్ను 'జింక మేడం' చేసేశారు. ఆ పేరు నాకంటే ముందే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగొచ్చింది.

మొన్న ఓ పొలంలో ఎవరో కుర్ర రైతు నన్ను ఎగాదిగా చూసి, "మా నాన్న చెప్పేవారు, జింక మేడం అంటే మీరేనాండీ?" అని అడిగాడు.

"ఒకప్పుడు" అన్నాను, మోకాళ్లు సహకరించక, గట్టు దిగడానికి అతని చెయ్యి పట్టుకుంటూ.