పూత నిలిచేదాకా

ఆమధ్య గుడివాడలో మా కాలేజీ ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. బందరులో మాస్టారు పోయారు. ఉదయం కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదట. ఆయన దగ్గర చదువుకుని, ఆయన పక్కనే ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ పూట ల్యాబ్‌లో ఎవరికీ పని చేయబుద్ధి కాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా తుంటి కీలు మార్చి ఉంటే మాస్టారి పని తేలిగ్గా అర్థమవుతుంది. ఎముకలో ఉండే ఖనిజాన్నే లోహపు కీలు మీద పూతగా వేస్తే, ఎముక దాన్ని తనదనుకుని పట్టుకుంటుంది. పూత రాలిందా, కీలు కదులుతుంది. మనిషి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి.

ఆయనది చిలకలపూడి. ఇంటిల్లిపాదీ రోల్డ్ గోల్డ్ పనివాళ్లు. గాజుకు ఎంత మెరుగు పెడితే పూత అంత బాగా పడుతుందని వింటూ పెరిగారు. తొలిరోజుల్లో, పూత పరీక్షకి కీలు లోహంతోనే చేసిన టైటానియం బిళ్లలకీ అద్దంలా మెరుగు పెట్టేశారు. పూత పెచ్చులుగా లేచొచ్చింది. "మా ఊరి చెయ్యి కదండీ, గరుకు కనిపిస్తే ఊరుకోదు" అని క్లాసులో తనే చెప్పి నవ్వేవారు. ఆ తర్వాత బిళ్లను గరుకు చేయకుండా పూత జోలికి వెళ్లలేదు.

బందరు బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కే వచ్చేవారు. ఒంట్లో ఉన్నట్టే వెచ్చటి ఉప్పునీళ్లలో నానుతున్న బిళ్లల్ని చూశాకే టిఫిన్ డబ్బా మూత తీసేవారు. మేం తొందరపడితే, "ఒంటికి సెలవుల్లేవురా, నాననివ్వండి" అనేవారు.

కిందటేడు మాస్టారి భార్య, మా మేడమ్ గారి తుంటి అరిగిపోయింది.

"మీ పూత వేసిందే పెట్టించండి" అన్నారావిడ.

"పూత ఊడుతుందో లేదో ఇంకా లాగి చూడలేదు. నీ మీద పరీక్ష చెయ్యను."

"ఊరందరికీ నగలు చేసే ఇంట్లో పెళ్లాం మెడ బోసి" అని మా ముందే దెప్పారు. అయినా ఆయన అందరికీ వేసే కీలే వేయించారు.

పెద్దకర్మ అయిన వారానికి బిళ్లలు నానాల్సిన గడువు పూర్తయింది. మర్నాడు మేడమ్ గారు చేతికర్రతో బందరు నుంచి వచ్చారు. ముందురోజే పూత మీద జిగురుతో కడ్డీ అతికించి ఉంచిన బిళ్లను మిషన్‌కి బిగించి లాగాం. పూత ఊడితే ఆయన ఇన్నేళ్ల పనీ ఊడినట్టే.

టప్‌మని తెగింది. చూస్తే ఊడింది జిగురు. పూత చెక్కుచెదరలేదు. ఆ మాట వినడానికి ఆయన లేరన్న బాధ నాకు అప్పుడు తెలిసింది.

మేడమ్ గారు బిళ్లను అరచేతిలో తిప్పి చూసి వెనక్కిచ్చారు. "ఒక్కదాన్ని చూసి ఆయన నమ్మరు బాబూ. ఇంకోటి పెట్టండి."

కుర్చీ వేస్తే కూర్చోలేదు. మార్చిన తుంటి మీదే బరువు మోపి, మిషన్ పక్కన నిలబడ్డారు.