కండక్టరు జకరయ్య గ్రాఫిక్స్ కార్డు

ఉదయగిరి బస్సు ఆత్మకూరులో ఆగే పది నిమిషాల్లో అందరూ టీకి దిగితే, కండక్టరు జకరయ్య మాత్రం టికెట్ల సంచి చంకన అదిమిపట్టి రోడ్డు దాటి ఆసిఫ్ కంప్యూటర్ల షాపుకు వెళతాడు. చేతిరుమాల్లో చుట్టిన గ్రాఫిక్స్ కార్డును అంచులు పట్టి తీసి బల్లమీద పెడతాడు. "దీనికి ఏ ప్రాసెసరు జతైతే కంప్యూటర్లో కారు రేసు ఆట ఆగకుండా ఆడతాది?" అని రోజూ అదే ప్రశ్న. ఆసిఫ్ చెప్పిందంతా చెవిసందులోని పెన్సిలు తీసి చించేసిన టికెట్ల వెనక రాసుకుంటాడు. ఏదీ కొనడు. ఆ కార్డు, నెల్లూరులో పాలిటెక్నిక్ చదివే కూతురు సుకుమారి నిరుడు మద్రాసు నుంచి తెప్పించుకున్నది. దానికి పెద్ద ప్రాసెసరు పెంటియం కావాలని ఆ పిల్ల, చిన్నది సెలెరాన్ చాలని ఈయన. వాదన తెగకముందే మెదడువాపు జ్వరం పిల్లను ఎత్తుకుపోయింది.

నిన్న ఆసిఫ్ మనసాగక, "జకరయ్యన్నా, నువ్వు చెప్పే సెలెరాన్ కంప్యూటరే ఒకటుండాది. దాంట్లో ఈ కార్డు ఊరికే బిగించిస్తా, తీసుకపో," అన్నాడు. జకరయ్య గబగబా కార్డును రుమాల్లో చుట్టేశాడు.

"వద్దులే ఆసిఫూ. సెలెరానంటే మా పాప ఇంకా ఒప్పుకోలా."