కిటికీ తెరవని గది

2023 ఎండాకాలం. తూంకుంటలో కరీంనగర్ రోడ్డు మీద నేను కంప్యూటర్ రిపేర్ షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. గేమింగ్ కంప్యూటర్ల సంగతి ఇటు శామీర్‌పేట నుంచి అటు మేడ్చల్ దాకా నన్నే అడగాలని నాకు కాస్త పొగరు ఉండేది. అది ఎలా దిగిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జవహర్‌నగర్ నుంచి షాహీన్ అనే అమ్మాయి ఆటోలో సీపీయూ వేసుకుని వచ్చింది. ఇంజినీరింగ్ రెండో ఏడు. కాలేజీ గేమింగ్ టీములో ఒక చోటు ఖాళీ ఉందట. ఆదివారం మధ్యాహ్నం సెలెక్షన్ మ్యాచ్, ఎవరింటి నుంచి వాళ్లే ఆన్‌లైన్లో ఆడాలి. తెర మీద బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు పాతది కావడంతో, ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.

"కొత్తది కొనుడు కాదన్నా. ఉన్నదాన్నే జర స్పీడు చెయ్యొస్తదా?" అని అడిగింది.

ఓవర్‌క్లాకింగ్ అంటే అదే. కంపెనీ పెట్టిన వేగం కంటే కార్డును ఎక్కువ వేగంతో నడిపించడం. వేగంతో పాటు వేడీ పెరుగుతుంది. అందుకని కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ స్ట్రెస్ టెస్ట్ చేస్తాం. కార్డుకు ఊపిరి సలపనంత పని పెట్టి, తట్టుకుంటుందో లేదో చూడటమన్నమాట.

వెళ్తూ వెళ్తూ షాహీన్ గుమ్మం దగ్గర ఆగింది. "అన్నా, మాది రేకుల రూము. మస్తు గరమైతది. కిటికీ గూడ..."

"అదంత నేను చూసుకుంట తియ్యి, పరేషాన్ గాకు" అని మాట మధ్యలోనే తుంచేశాను.

షాపులో ఏసీ నడుస్తోంది. సీపీయూ పక్క మూత విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి టెస్ట్ చేశాను. గంటసేపు నడిచినా వేడి డెబ్బై డిగ్రీలు దాటలేదు. అక్కడున్న ఇద్దరు కస్టమర్లు టెస్ట్‌లో వచ్చిన స్కోరు చూసి మెచ్చుకునేసరికి వేగాన్ని ఇంకో మెట్టు ఎక్కించాను. అవసరమై కాదు, వాళ్లు మెచ్చుకుంటున్నారని.

సోమవారం పొద్దున షాహీన్ మళ్లీ వచ్చింది. మ్యాచ్ మొదలైన ఇరవై నిమిషాలకే తెర నల్లబడిందట, మళ్లీ ఆన్ చేసినా అంతేనట. షాపు నిండా జనం ఉన్నారు. నా బల్ల మీద పెట్టి చూస్తే నిక్షేపంగా నడిచింది.

"మంచిగనే నడుస్తాంది గదా. మీ ఇంట్ల కరెంటు సక్కగుండకపోవచ్చు. లేకుంటే నువ్వే ఏదో కెలికినవ్" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె వాదించలేదు. "ఒక్కసారి ఇంటికొచ్చి చూడన్నా" అంది.

నా మాటే నిజమని తేల్చడానికే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. చిన్న రేకుల గది, ఒకటే కిటికీ. దాన్ని మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. గాలి రానివ్వండని నేనే రెక్క లాగాను. ఊరి చెత్తంతా పోసే డంపు యార్డు అక్కడికి దగ్గరే, దాని వాసన గుప్పున కొట్టింది. ముక్కు మూసుకున్నాను. షాహీన్ వాళ్లమ్మ రెక్క మూసి, గుడ్డలు మళ్లీ కుక్కింది.

సీపీయూ మంచానికీ గోడకూ మధ్య ఇరుకులో ఉంటుంది. అక్కడే టెస్ట్ పెట్టాను. పది నిమిషాల్లో వేడి తొంభై దాటింది, తెర నల్లబడింది. ఆ రోజు గుమ్మం దగ్గర ఆమె చెప్పబోయింది ఈ కిటికీ సంగతే.

వేగాన్ని కంపెనీ పెట్టినంతకే దించాను. కార్డు నడిచింది. టీములో చోటు మాత్రం ఆదివారమే వేరేవాళ్లకు పోయింది.

"టీమోళ్లకు ఏమని చెప్పినవమ్మా?" అని అడిగాను.

"కరెంటు పోయిందని చెప్పినన్నా. నీ తాన చేయించిన అని వాళ్లందరికి ఎరుకనే. నీ షాపు పేరు ఖరాబైతది గదా."

పొద్దున నేను చెప్పిందీ కరెంటు సాకే. నేను ఆమె మీదికి నెట్టడానికి వాడితే, ఆమె నన్ను కాపాడటానికి వాడింది. నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం కాబట్టి అనగలిగాను.

ఇప్పుడు టెస్ట్ చేసేటప్పుడు ఏసీ ఆపేస్తాను, పక్క మూత బిగిస్తాను. అంతకన్నా ముందు, కంప్యూటరు ఏ గదిలో పెడతారో, కిటికీ తెరుస్తారో లేదో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వింటాను. ఇదేం ప్రశ్న అని కొందరు నవ్వుతారు.

ఆ సోమవారం షాపులో ఉన్నవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్ల లెక్కలో షాహీన్ అంటే కంప్యూటరు కెలికి పాడుచేసుకున్న పిల్ల. వాళ్ల ముందు నేను ఇంతవరకు నోరు విప్పలేదు. వాళ్లూ చదువుతారనే ఇది రాస్తున్నాను.