పేరు పిలిస్తే ఖాళీ అయిన క్లాసు

మీరు నవ్వుకోండి, నేను మాత్రం ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. అరవైల చివర్లో, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క పీరియడ్‌లో నా ఉద్యోగానికి నేనే నిప్పంటించుకున్న వైనం ఇది.

కడప నుంచి వచ్చి, హైదరాబాదు తార్నాకలో గది తీసుకుని, యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. పాఠం కన్నా కోపం బాగా వచ్చేది. దగ్గితే కోపం, నవ్వితే కోపం, సందేహం అడిగితే శివతాండవం. మొదట్లో "బయటికి నడువు!" అని అరిచేవాణ్ణి. గొంతు నొప్పి పుట్టాక పేరు మాత్రమే పిలిచేవాణ్ణి. పిలిస్తే చాలు, పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయేవారు. అది క్రమశిక్షణట! శ్మశానంలోనూ ఉంటుంది అంత క్రమశిక్షణ.

ఒకరోజు మా శాఖ హెడ్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన మెచ్చితే కొలువు ఖాయం, లేదంటే కడప రైలు.

"పిల్లల చేత మాట్లాడించండి, చూద్దాం."

"ఉల్లిగడ్డ ధర పెరిగితే ఏమవుతుంది?" అన్నాను, నాలుకకు తేనె పూసుకుని.

అందరూ పుస్తకాల్లోకి తలలు దూర్చారు. అందరిలోకీ చురుకైనవాడు, నల్లగొండ యాదగిరి, ముందు బెంచీలోనే ఉన్నాడు.

"యాదగిరీ!"

లేచాడు. పుస్తకాలు సర్దుకున్నాడు. తలుపు వైపు నడిచాడు.

"ఎక్కడికయ్యా?"

"మీరే పిలిస్తిరి గద సార్, పోతున్న!"

హెడ్ గారి కనుబొమ్మలు లేచాయి. నా ఒళ్లు మండింది.

"సుశీలా, నువ్వన్నా చెప్పమ్మా!"

"నేను నోరే తెర్వలే సార్!" ఏడుస్తూ గుమ్మం దాటింది.

"రహీం!"

"పోతున్న సార్, గుస్సా గాకుండ్రి."

ఇక పూనకం వచ్చినట్టు వరసగా పిలిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి బెంచీల్లో ఒక్కరూ మిగల్లేదు.

అప్పుడు కిటికీ అవతల నుంచి రభస వినబడింది.

"ధర పెరిగితే మా అవ్వ సగం గడ్డనే కోస్తది!" యాదగిరి.

"హోటలోడు సమోసల ఉల్లి బంద్ జేసి ఆలు నింపుతడు. ఇగ ఆలు ధర పెరుగదా?" ఇది సుశీల, నోరు తెరవని సుశీల!

హెడ్ గారు చెవి అటు పెట్టి విన్నారు. "పాఠం బాగా సాగుతోందండీ, బయట," అంటూ లేచారు. "నేనూ అక్కడికే పోతాను, మీరు పిలవకముందే."

కొలువు ఖాయం కాలేదు. మరో ఏడాది చూస్తామన్నారు.

ఆ సాయంత్రం తార్నాక ఇరానీ హోటల్లో, చాయ్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట క్లాసులో కోపం వస్తే బయటికి వెళ్లేది నేనే. మాట తప్పలేదు. ఆ వారం పాఠాలన్నీ వరండాలోంచే చెప్పాను.